రేడియో స్వర్ణయుగం ఎవరిది?

పెద్దవాళ్లు రేడియో గురించి మాట్లాడుకునేటప్పుడు ఒక మాట తరచుగా వినపడుతుంది. 'ఆ రోజులే వేరు, అది స్వర్ణయుగం' అని. పొద్దున్నే భక్తిరంజని, ఆదివారం మధ్యాహ్నం నాటకం, సాయంత్రం పొలం పనుల కబుర్లు, ఢిల్లీ నుంచి తెలుగు వార్తలు - వీటి చుట్టూ రోజు తిరిగిన తరం అది. నేనూ ఆ తరం మనిషినే కాబట్టి ఆ మాట వింటే నాకూ మనసు మెత్తబడుతుంది. కానీ స్త్రీల హక్కుల గురించి రాసుకునే పత్రికలో స్వర్ణయుగం అన్న మాటను ఉన్నదున్నట్టు ఒప్పుకోలేం. ఏ కాలాన్నయినా బంగారు కాలం అన్నప్పుడు ఆ బంగారం ఎవరికి దక్కింది, ఎవరికి దక్కలేదు అని అడగడం మనకు అలవాటు. రేడియో విషయంలోనూ ఆ ప్రశ్న వేసుకోవాలి. రేడియోను ఎక్కువగా విన్నది ఎవరు, అందులో మాట్లాడింది ఎవరు, ఎవరు ఏం మాట్లాడాలో నిర్ణయించింది ఎవరు?

మా ఇంట్లో రేడియో గోడకు కొట్టిన ఎత్తైన చెక్క మీద ఉండేది. దాని మీద అమ్మ కుట్టిన గుడ్డ ఉండేది. గుడ్డ అమ్మది, మీట నాన్నది. పోస్టాఫీసులో ఏటా కట్టే లైసెన్సు కూడా నాన్న పేరు మీదే ఉండేది. నాన్న ఇంట్లో లేనప్పుడు, మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక, స్త్రీల కార్యక్రమం వచ్చే ఆ కాస్తసేపు మాత్రం రేడియో అమ్మది అయ్యేది. చుట్టుపక్కల ఇళ్ల నుంచి ఇద్దరు ముగ్గురు వచ్చి గుమ్మంలో కూర్చునేవాళ్లు. బియ్యం ఏరుతూనో, పిల్లకు జడ వేస్తూనో వినేవాళ్లు. విన్నాక ఆ విషయం మీద వాళ్లలో వాళ్లు మాట్లాడుకునే మాటలు, రేడియోలో వచ్చినవాటికంటే నాకు ఎక్కువ గుర్తున్నాయి.

అమ్మ ఆ కార్యక్రమానికి రెండు ఉత్తరాలు రాసింది. మొదటిది ఒక ఊరగాయ ప్రసంగం బాగుందని. దాన్ని పేరుతో సహా చదివారు. వీధి వీధంతా సంబరపడింది. రెండో ఉత్తరంలో ఒక ప్రశ్న అడిగింది: తాతల నాటి ఇంట్లో, పొలంలో కూతురికి వాటా ఉంటుందా, ఉండదా? ఆ ఉత్తరం చదవలేదు. ఆర్నెల్లు ఎదురు చూసింది. ఆ కేంద్రం పేరు ఇక్కడ అవసరం లేదు. ఏ కేంద్రమైనా ఆ రోజుల్లో అంతే చేసి ఉండేదని నా అనుమానం. ఊరగాయకు గాలిలో చోటు దొరికింది, ఆస్తి హక్కుకు దొరకలేదు. ఈ చిన్న సంగతిని ఇంట్లో జరిగిన కథగా కాక రేడియో చరిత్రలో భాగంగా చూడాలని ఇన్నేళ్ల తర్వాత నాకు అనిపిస్తోంది. అందుకే ఈ సంపాదకీయం.

రేడియో పెరిగిన వేగం ఆశ్చర్యపరుస్తుంది. అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో కె.డి.కె.ఎ. కేంద్రం 1920 నవంబరు 2న అధ్యక్ష ఎన్నికల ఫలితాలు వినిపించింది. 1922 మొదట్లో ఆ దేశంలో పదుల సంఖ్యలో ఉన్న కేంద్రాలు ఆ ఏడాది చివరికి 500 దాటాయి. 1930 జనాభా లెక్కల్లో ఇంట్లో రేడియో ఉందా అని అడిగితే నూటికి 40 కుటుంబాలు ఉందన్నాయి. పదేళ్లు తిరిగేసరికి అది నూటికి 80 దాటింది. మొదటి ప్రపంచ యుద్ధంలో సైన్యం కోసం వాల్వులు, వైర్‌లెస్ సామగ్రి తయారుచేసిన కంపెనీలకు యుద్ధం తర్వాత కొత్త కొనుగోలుదారులు కావాలి. సెట్టు అమ్ముడుపోవాలంటే అందులో వినడానికి ఏదో ఒకటి రావాలి. కాబట్టి సెట్లు తయారుచేసేవాళ్లే కేంద్రాలూ పెట్టారు. ఆ తర్వాత ప్రకటనదారులు వచ్చారు.

ప్రకటనదారులకు కావలసింది ఇంట్లో సరుకులు కొనే మనిషి. అంటే గృహిణి. పగటిపూట పనిచేసుకుంటూ వినే ఆడవాళ్ల కోసం 1930లో షికాగోలో ఇర్నా ఫిలిప్స్ అనే రచయిత్రి రోజువారీ ధారావాహిక మొదలుపెట్టింది. సబ్బుల కంపెనీలు డబ్బు పెట్టడం వల్ల ఆ రకం నాటకాలకు 'సోప్ ఒపేరా' అని పేరు వచ్చింది. ఈనాడు టీవీలో మనం తిట్టుకుంటూ చూసే సీరియళ్లకు మూలం అదే. రాసింది స్త్రీ, విన్నది స్త్రీలు, ఖర్చు పెట్టింది సబ్బు కంపెనీ. కథలో కన్నీళ్లు ఎంతసేపు కారాలో సబ్బు అమ్మకమే నిర్ణయించింది.

స్త్రీలు వినాలి, కానీ వినిపించకూడదు అన్న ఆలోచన అక్కడా బలంగానే ఉండేది. ఆడగొంతు రేడియోకి పనికిరాదని, కీచుగా ఉంటుందని, ప్రసంగానికి గాంభీర్యం ఉండదని 1920లలో అమెరికా రేడియో పత్రికల్లో పెద్ద చర్చ నడిచింది. నిజానికి అప్పటి మైకులు, ప్రసార పరికరాలు మగగొంతును దృష్టిలో పెట్టుకుని కుదిర్చినవి. పై స్థాయి ధ్వనుల్ని అవి సరిగా అందించలేకపోయేవి. లోపం యంత్రానిది, నింద గొంతుది. మనకు ఈ తర్కం కొత్తేమీ కాదు. చీరతో యంత్రం దగ్గర పనిచేయలేరని ఆడవాళ్లను తీసేస్తారు గానీ, యంత్రానికి కంచె కట్టరు.

బ్రిటన్‌లో బి.బి.సి.కి 1927లో ప్రసంగాల విభాగం తొలి డైరెక్టరుగా వచ్చింది హిల్డా మాథిసన్. వేదిక ఉపన్యాసం లాగా కాకుండా, ఎదురుగా కూర్చున్న ఒక మనిషితో చెప్పినట్టు మాట్లాడాలి అన్న రేడియో పద్ధతిని తీర్చిదిద్దిన వాళ్లలో ఆమె ముఖ్యురాలు. పై అధికారులతో విభేదాల వల్ల ఆమె బయటికి వచ్చేసింది. 1932లో అదే సంస్థ పెళ్లయిన స్త్రీలను ఉద్యోగంలోకి తీసుకోరాదని నిబంధన పెట్టింది. అది 1944 దాకా పోలేదు. 1933లో షీలా బోరెట్ అనే ఆమెను ఎనౌన్సరుగా పెట్టి, శ్రోతలు ఫిర్యాదు చేస్తున్నారని కొద్ది నెలల్లోనే తీసేశారు. 1946లో స్త్రీల కోసమే 'ఉమెన్స్ అవర్' మొదలుపెట్టినప్పుడు దానికి తొలి వ్యాఖ్యాత ఒక మగవాడు. స్వర్ణయుగం గురించి చెప్పే పుస్తకాల్లో ఇవి ఎక్కడో ఒక మూల ఉంటాయి. మనకు మాత్రం ఇవే ముఖ్యం.

ఇక మన దేశం. 1923లో బొంబాయి, కలకత్తాల్లో రేడియో క్లబ్బులు ప్రసారాలు మొదలుపెట్టాయి. 1924లో మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు మొదలుపెట్టింది. డబ్బు చాలక 1927లో ఆగిపోయింది. అదే ఏడాది జులై 23న బొంబాయిలో ఇండియన్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీ ప్రారంభమైంది. ఏడాదికి 10 రూపాయల లైసెన్సు రుసుము మీద బతకాలనుకున్న ఆ కంపెనీకి 1929 చివరికి దేశం మొత్తం మీద లైసెన్సులు 8 వేలు కూడా రాలేదు. 1930లో మూతపడింది. అప్పుడు ప్రభుత్వం దాన్ని చేతిలోకి తీసుకుంది. 1936 జూన్‌లో దానికి ఆల్ ఇండియా రేడియో అని పేరు పెట్టారు. హైదరాబాదులో 1935 నుంచి నిజాం ప్రభుత్వం దక్కన్ రేడియో నడిపింది. అందులో పెద్దపీట ఉర్దూది. జనంలో ఎక్కువమంది మాట్లాడే తెలుగుకు దక్కింది కొద్దిపాటి సమయం. 1938 జూన్ 16న మద్రాసు కేంద్రం వచ్చింది. తెలుగు రేడియో నాటకం, సంగీత రూపకం, పిల్లల కార్యక్రమం అక్కడ రూపు దిద్దుకున్నాయి. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. దక్కన్ రేడియో 1950 ఏప్రిల్‌లో ఆకాశవాణిలో కలిసింది.

స్వాతంత్ర్యం వచ్చేనాటికి ఆకాశవాణికి ఉన్నవి 6 కేంద్రాలు. జనాభాలో నూటికి 11 మందికి మాత్రమే ప్రసారాలు అందేవి. తర్వాతి పాతికేళ్లలో కేంద్రాలు పెరిగాయి, 1957లో వివిధ భారతి వచ్చింది, కరెంటు లేని ఊళ్లకు ట్రాన్సిస్టరు చేరింది. ఈ పెరుగుదలకు స్త్రీల జీవితంలో ఎంత విలువ ఉందో తెలియాలంటే ఒక్క అంకె చాలు. 1951 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో చదవడం రాయడం వచ్చిన స్త్రీలు నూటికి 9 మంది కూడా లేరు. పత్రిక ఇంటికి వచ్చినా చదవలేని తల్లులకు లోకం వినపడింది రేడియోలోనే. ఆ మేలు చిన్నది కాదు. ఆ మేలును మరచిపోయి విమర్శిస్తే అది కృతఘ్నత అవుతుంది.

గొంతు విప్పిన స్త్రీలు కూడా ఉన్నారు. రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావుతో సమానంగా రేడియో అక్కయ్య కామేశ్వరి కొన్ని తరాల పిల్లల్ని పెంచింది. వింజమూరి అనసూయ, సీత జానపద గీతాలను పొలం గట్ల నుంచి మైకు ముందుకు తెచ్చారు. శ్రీరంగం గోపాలరత్నం గొంతు విజయవాడ కేంద్రానికి గుర్తుగా నిలిచింది. జోలెపాళెం మంగమ్మ ఆకాశవాణిలో తొలి తెలుగు మహిళా న్యూస్ రీడరుగా పేరు పొందింది. తురగా జానకీరాణి హైదరాబాదు కేంద్రంలో పిల్లల కోసం, స్త్రీల కోసం ఏళ్ల తరబడి పనిచేసింది. వీళ్లు సాధించింది ఒకరు ఇచ్చిన కానుక కాదు, వాళ్ల కష్టం.

అయితే ఏ స్త్రీలకు తలుపు తెరిచారు, ఏ స్త్రీలకు మూశారు అన్నది కూడా చూడాలి. గ్రామఫోను రోజుల నుంచి తొలినాళ్ల రేడియో దాకా ఆడగొంతుతో సంగీతం వినిపించింది ఎక్కువగా బాయీలు, తవాయిఫ్‌లు, దేవదాసీ కుటుంబాల వాళ్లు. దక్షిణాదిలో కళావంతుల ఇళ్ల స్త్రీలు. మిగిలిన ఇళ్లలో ఆడపిల్ల నలుగురిలో పాడటం తప్పు. ఈ గాయనుల విద్యతోనే కేంద్రాలు నిలబడ్డాయి. 1946లో తాత్కాలిక ప్రభుత్వంలో సమాచార ప్రసార శాఖ చూసిన సర్దార్ పటేల్, వ్యక్తిగత జీవితం అపవాదుకు గురైన కళాకారులను రేడియోలోకి రానివ్వకూడదని ఆదేశించారు. ఆ మాట ఎవరికి తగిలిందో చెప్పనక్కర్లేదు. తాగి భార్యను కొట్టే విద్వాంసుడి వ్యక్తిగత జీవితాన్ని ఏ కేంద్రమూ విచారించలేదు. పెళ్లి అనే చట్రం బయట బతికిన స్త్రీకి మాత్రం తలుపు మూసుకుంది. పాట మిగిలింది, పాడిన మనిషిని బయటకు పంపారు. ఆ ఖాళీలోకి 'గౌరవప్రదమైన' ఇళ్ల స్త్రీలు వచ్చారు. మనిషి కనపడదు, గొంతు మాత్రమే వినపడుతుంది కాబట్టి రేడియోలో పాడటానికి ఆ ఇళ్లలో అనుమతి దొరికింది. ఒక స్త్రీకి దొరికిన స్వేచ్ఛ ఇంకొక స్త్రీ నుంచి లాక్కున్నదై ఉండటం మన చరిత్రలో చాలాసార్లు జరిగింది. దాన్ని గుర్తించకుండా స్త్రీలందరి తరఫున మాట్లాడుతున్నామని చెప్పుకోవడం నిజాయితీ కాదు.

అనుమతి అడగకుండా మైకు పట్టుకున్న స్త్రీ ఒకరున్నారు. 1942లో క్విట్ ఇండియా ఉద్యమంలో నాయకులందరినీ జైల్లో పెట్టి, పత్రికల నోరు నొక్కినప్పుడు, 22 ఏళ్ల ఉషా మెహతా బొంబాయిలో సహచరులతో కలిసి రహస్యంగా కాంగ్రెస్ రేడియో నడిపింది. ఇల్లు తర్వాత ఇల్లు మారుస్తూ దాదాపు మూడు నెలలు దేశానికి వార్తలు చెప్పింది. నవంబరు 12న పోలీసులు పట్టుకున్నారు. నాలుగేళ్ల శిక్ష పడింది. లైసెన్సు లేని ప్రసారం నేరం అన్న చట్టం కిందే ఆమె నేరస్తురాలు. ఆమె స్వాతంత్ర్య సమర యోధురాలని దేశం తర్వాత గౌరవించింది, 1998లో పద్మవిభూషణ్ ఇచ్చింది. కానీ ఆమెను పట్టించిన చట్టాన్ని మాత్రం అలాగే అట్టిపెట్టుకుంది.

ఆ చట్టం 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం. రేడియో పుట్టకముందే వచ్చిన ఆ చట్టాన్ని పట్టుకుని, గాలిలో తరంగాల మీద సర్వహక్కులూ తమవేనని వలస ప్రభుత్వం అంది. స్వతంత్ర ప్రభుత్వాలూ అదే అన్నాయి. రేడియో పెరిగింది, కానీ పైనుంచి కిందికి పెరిగింది. ఢిల్లీ చెబుతుంది, పల్లె వింటుంది. 1956లో పుణే చుట్టుపక్కల 150 గ్రామాల్లో యునెస్కో సహాయంతో రైతుల శ్రోతల సంఘాలు పెట్టారు. విని, చర్చించి, ప్రశ్నలు తిరిగి కేంద్రానికి రాయాలి. మంచి ప్రయత్నమే. కానీ సాయంత్రం పూట పదిమంది మగవాళ్లు కూర్చునే చోట కూర్చుని మాట్లాడే అలవాటును మన ఊళ్లు ఆడవాళ్లకు ఎప్పుడిచ్చాయి? ఆ వేళకు పొయ్యి ముందు ఉండే మనిషి చర్చలోకి ఎలా వస్తుంది?

స్త్రీల కార్యక్రమాల్లో వచ్చేవి ఏమిటో మనకు తెలుసు. వంటలు, కుట్లు, పిల్లల పెంపకం, ఇంటి వైద్యం, తర్వాతి రోజుల్లో కుటుంబ నియంత్రణ. ఇవి పనికిరానివని నేను అనను. గర్భిణికి ఏం తినాలో చెప్పిన ప్రసంగం ఒక ప్రాణాన్ని కాపాడి ఉండవచ్చు. కానీ ఎంతమంది పిల్లలు కావాలో నిర్ణయించే హక్కు నీకుంది అని చెప్పడం వేరు, ఇద్దరు చాలు అని చెప్పడం వేరు. కూలి రేటు, ఆస్తి, ఇంట్లో దెబ్బలు, కట్నం చావు - వీటికి స్త్రీల కార్యక్రమంలో చోటు దొరకడానికి మన ఉద్యమాలు రోడ్డు మీదికి రావలసి వచ్చింది. మాట్లాడే అధికారం ఒక చోట పోగుపడితే ఏమవుతుందో 1975 జూన్‌లో దేశం మొత్తానికీ తెలిసింది. ఎమర్జెన్సీ సంగతి జనం విన్నది రేడియోలోనే. దాన్ని కాదన్న వాళ్ల మాట మాత్రం ఆ రేడియోలో వినపడలేదు. అధికారంలో ఉన్నది స్త్రీ కావడం వల్ల అందులో తేడా ఏమీ రాలేదు.

1995 ఫిబ్రవరి 9న సుప్రీంకోర్టు ఒక తీర్పు చెప్పింది. క్రికెట్ పోటీల ప్రసార హక్కుల గొడవలో వచ్చిన తీర్పు అది. గాలిలోని తరంగాలు ప్రజల ఆస్తి, వాటిని ప్రజల మేలు కోసం ఒక ప్రజాసంస్థ నియంత్రించాలి, ప్రభుత్వ గుత్తాధిపత్యం రాజ్యాంగం ఇచ్చిన భావప్రకటన స్వేచ్ఛకు విరుద్ధం అని అందులో ఉంది. ఆ ధర్మాసనంలో మన జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి కూడా ఉన్నారు. ప్రభుత్వ గుత్తాధిపత్యం ఎంత ప్రమాదమో ప్రైవేటు గుత్తాధిపత్యం కూడా అంతే ప్రమాదమని ఆయన విడిగా రాసిన తీర్పులో హెచ్చరించారు. ఆ తర్వాత జరిగిందేమిటి? తరంగాలను వేలం వేశారు. 2001 నుంచి ప్రైవేటు ఎఫ్.ఎం. కేంద్రాలు వచ్చాయి. డబ్బున్నవాళ్లకు తలుపు ఆరేళ్లలో తెరుచుకుంది. ఊరివాళ్లకు, స్త్రీల సంఘాలకు తెరుచుకోలేదు.

2000 జులైలో మెదక్ జిల్లా జహీరాబాదు దగ్గర పస్తాపూర్‌లో సమావేశమైన కార్యకర్తలు ఒక ప్రకటన చేశారు. ప్రభుత్వ రేడియో, వ్యాపార రేడియో కాకుండా మూడోది కావాలి, అది జనం నడుపుకునే సముదాయ రేడియో అని. అప్పటికే డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత స్త్రీలు రికార్డింగు నేర్చుకుని, కార్యక్రమాలు తయారుచేసి, ప్రసారానికి అనుమతి లేక క్యాసెట్లలో సంఘాలకు వినిపిస్తున్నారు. 2002లో కర్నూలు జిల్లా ఓర్వకల్లులో పొదుపు సంఘాల స్త్రీలు 'మన రేడియో' పేరుతో చిన్న ట్రాన్స్‌మిటరు పెట్టుకుంటే, లైసెన్సు లేదని కొన్ని నెలల్లోనే మూయించారు. ఉషా మెహతా కాలం నాటి చట్టం పొదుపు సంఘం స్త్రీల దగ్గరికి కూడా వచ్చింది.

2006లో సముదాయ రేడియో విధానం ప్రకటించాక, 2008 అక్టోబరు 15న మాచునూరులో సంఘం రేడియో ప్రసారాలు మొదలయ్యాయి. స్వచ్ఛంద సంస్థకు ఇచ్చిన లైసెన్సుతో నడిచిన సముదాయ రేడియోల్లో దేశంలో అది మొదటిది. నడిపింది దళిత స్త్రీలు. రాత్రి 7 నుంచి 9 దాకా, అంటే కూలి నుంచి వచ్చి, వంట చేసి, కాళ్లు చాపుకునే వేళకు. వేళ ఎవరి బతుకును బట్టి పెట్టారన్నది చిన్న విషయం కాదు. జొన్న, సజ్జ, కొర్ర విత్తనాల గురించి వాటిని దాచిన వాళ్లే చెప్పారు. పాటలు పాడినవాళ్లే రికార్డు చేశారు. అన్నిటికంటే పెద్ద మార్పు భాషలో వచ్చింది. 'మాది రేడియో భాష కాదు' అని సిగ్గుపడే మనిషి, తన ఇంటి మాటే రేడియోలో విన్నది. దక్కన్ రేడియోలో తెలుగుకు దక్కని చోటు, తర్వాత ఆకాశవాణి తెలుగులో ఆ ప్రాంతపు యాసకు దక్కని చోటు, మాచునూరులో చేను పనికి పోయే స్త్రీ తెచ్చుకుంది. రేడియో మొదలైన ఎనభై ఐదేళ్ల తర్వాత. నన్నడిగితే తెలుగు రేడియో స్వర్ణయుగం ఆ సాయంత్రం మొదలైంది.

కానీ అక్కడితో పని అయిపోలేదు. 2006 విధానం సముదాయ రేడియోలో సొంత వార్తలు, రాజకీయ విషయాలు రాకూడదంది. విత్తనం గురించి మాట్లాడవచ్చు, విత్తన కంపెనీకి ప్రభుత్వం ఇచ్చిన రాయితీ గురించి మాట్లాడితే అది రాజకీయమా? గ్రామసభలో ఉపాధి హామీ కూలి డబ్బు ఎందుకు రాలేదని సర్పంచిని అడిగితే అది వార్తా, కబురా? ఈ గీత ఎక్కడ గీయాలో తెలియక చాలామంది భయంతో గీతకు ఎంతో దూరంగా ఆగిపోతారు. నిషేధం చేసే అసలు పని అదే. 2024 ఫిబ్రవరిలో సవరించిన మార్గదర్శకాల్లో మంచి మాట ఒకటి ఉంది. సముదాయ రేడియో సలహా, కార్యక్రమ కమిటీలో కనీసం సగం మంది స్త్రీలు ఉండాలని. సంతోషమే. కానీ పంచాయతీల్లో సర్పంచి భర్తల్ని చూసిన వాళ్లం మనం. కమిటీలో పేరు ఉండటం వేరు, ఏం ప్రసారం చేయాలో తేల్చే మాట మనది కావడం వేరు. టెలిగ్రాఫ్ చట్టం స్థానంలో 2023లో కొత్త టెలికమ్యూనికేషన్ల చట్టం తెచ్చారు. అందులోనూ తరంగాల పంపకం ప్రభుత్వం చేతిలోనే ఉంది.

ఇప్పుడు అందరి చేతిలో ఫోను ఉంది కదా, రేడియో గురించి ఈ గోల ఎందుకు అని యువతరం అడగవచ్చు. అందరి చేతిలోనా? ఇంట్లో ఒక్క ఫోను ఉంటే అది ఎవరి జేబులో ఉంటుంది, ఆడపిల్ల ఫోనులో మాట్లాడితే ఊరి పెద్దలు ఏమంటారు, డేటా డబ్బులు అయిపోతే ముందు ఎవరిది ఆపుతారు? పాత రేడియో మీట కథే ఇది. పరికరం మారింది, మీట మీద చెయ్యి మారలేదు. పైగా ఫోనులో మనం ఏం వినాలో నిర్ణయించేది ఎక్కడో ఉన్న కంపెనీ. సబ్బు కంపెనీ కంటే దానికి మన గురించి ఎక్కువ తెలుసు.

అందువల్ల మన సంఘాలు కొన్ని డిమాండ్లను స్పష్టంగా ముందుకు తేవాలని నా అభిప్రాయం. సముదాయ రేడియోల మీద వార్తల నిషేధాన్ని తొలగించాలి. స్థానిక వార్త చెప్పుకోవడం రాయితీ కాదు, హక్కు. స్త్రీల సంఘాలు, దళిత, ఆదివాసీ సంఘాలు కేంద్రాలు పెట్టుకోవడానికి ప్రజల డబ్బు నుంచి, షరతులు లేకుండా సహాయం అందాలి. ఆకాశవాణి కేంద్రాల్లో ఏళ్ల తరబడి క్యాజువల్ ఎనౌన్సర్లుగా పనిచేస్తున్న వాళ్లకు, అందులో పెద్ద సంఖ్యలో ఉన్న స్త్రీలకు, ఉద్యోగ భద్రత కావాలి. పాత టేపుల్లో మిగిలి ఉన్న స్త్రీల కార్యక్రమాలను, జానపద గాయనుల పాటలను వాళ్ల పేర్లతో సహా భద్రపరచి అందరికీ అందుబాటులో ఉంచాలి. టేపు ఖరీదైనదని తుడిచి మళ్లీ వాడుకున్న రోజుల్లో ఎవరి గొంతులు ముందు చెరిగిపోయి ఉంటాయో ఊహించడం కష్టం కాదు.

ఇవి ప్రభుత్వాన్ని అడగవలసినవి. మనల్ని మనం అడగవలసినది ఒకటి ఉంది. మన పత్రికలో, మన సభల్లో మైకు ఎవరి దగ్గర ఉంటోంది? చదువుకున్నవాళ్లం మాట్లాడుతుంటే బస్సు ఛార్జీలు పెట్టుకుని వచ్చినవాళ్లు వింటున్నారా? ఈ సంపాదకీయం రాస్తున్న నాతో సహా ఈ ప్రశ్నకు అందరం జవాబు చెప్పుకోవాలి.

అమ్మ ప్రశ్నకు జవాబు ఆలస్యంగా వచ్చింది. ఉమ్మడి ఆస్తిలో కూతురికి సమాన వాటా ఇస్తూ ఆంధ్రప్రదేశ్‌లో చేసిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చింది. అప్పటికే పెళ్లయిన కూతుళ్లకు అది వర్తించలేదు. ఆ సంగతి అమ్మ రేడియోలోనే విన్నది. విని, ఏమీ అనకుండా లేచి మీట తిప్పేసింది. నాన్న ఇంట్లో ఉండగా ఆమె ఆ మీట ముట్టుకోవడం నేను చూసింది అదే మొదటిసారి. 2005లో కేంద్ర చట్టం సవరించేనాటికి అమ్మ లేదు.

ఆమె ఉత్తరాన్ని ఆ రోజు చదివి ఉంటే చట్టం ముందే వచ్చేదని నేను అనను. కానీ ఆ ప్రశ్న తన ఒక్కదానిది కాదని ఆమెకు తెలిసేది. గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుతున్న వాళ్లకూ తెలిసేది. ఉద్యమం మొదలయ్యేది అక్కడే.